నల్లగుడ్డలో చుక్క

నా చిన్నప్పుడు మా నేతవీధిలో గుడ్డ అరువు తెచ్చుకుంటే దానికి ఒక మర్యాద ఉండేది. అది పెండ్లికి కట్టుకున్న పట్టుచీర కానీ, చుట్టాలకు పరిచిన దుప్పటి కానీ, తెచ్చింది తెచ్చినట్టు తిరిగి ఇవ్వకూడదు. ఉతకాలి. గంజి పెట్టాలి. ఎండలో ఆరేసి, అంచుకు అంచు కలిపి మడత పెట్టి, రెండు చేతులతో ఇవ్వాలి. మాసిన గుడ్డను అట్లే ఇచ్చేస్తే ఇచ్చినవాళ్ళు ఏమీ అనరు, వీధి అంతా అంటుంది. గుడ్డ నేసి బతికేవాళ్ళం, గుడ్డనే గౌరవించకపోతే ఇంక దేన్ని గౌరవిస్తాం. అంత మంచి అలవాటు ఒకసారి మా ఇంట్లో పరాయివాళ్ళ కెమెరాను పాడుచేసింది. దాన్ని మళ్ళీ సరిచేయడానికి మా అవ్వ ఏం చేసిందో నేను దగ్గరుండి చూశాను.

మా ఇల్లు తమిళనాట విరుదునగర్‌లో, రైలుకట్టకు అవతలి తెలుగువాళ్ళ వీధిలో. ఇంట్లో రెండు గుంట మగ్గాలు, ఒకటి మా నాయనది, ఒకటి అవ్వది. అవ్వ అంటే నాయనను కన్న తల్లి. నాకు ఊహ తెలిసేసరికే ఆమె తల నెరిసిపోయింది, కంట్లో పొర కూడా మొదలైంది. అయినా మగ్గం దిగలేదు. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి కూర్చుంటే ఆమెకు కళ్ళతో పెద్దగా పని ఉండేది కాదు. పోగు తెగితే చేతికి తెలిసేది. నాడె ఇటు నుంచి అటు పోయే చప్పుడు మారితే చెవికి తెలిసేది. చూపు తగ్గిందని ఆమె ఎవరికీ చెప్పుకోలేదు, మేమూ అడగలేదు.

మా చిన్నాయనది వేరే కథ. నాయనకు తమ్ముడు, అప్పుడప్పుడే మీసాలు వస్తున్నవాడు. పసితనంలో జ్వరం తగిలి ఒక కాలు సన్నబడిపోయింది. గుంట మగ్గానికి రెండు కాళ్ళూ కావాలి, ఒకటి తొక్కుతుంటే ఇంకొకటి లేవాలి. ఆయన కాలు లేచేది కాదు. నేసే ఇంట్లో పుట్టి నేయలేనివాడు రాట్నం ముందు కూర్చుని నూలు చుట్టాలి, అది ఆడవాళ్ళు, పిల్లలు చేసే పని. ఆయన చుడుతుంటే నేనూ పక్కన కూర్చుని చుట్టేదాన్ని. నాతో నవ్వుతూ మాట్లాడేవాడు కానీ, వీధిలో ఎవరైనా వస్తుంటే రాట్నం వదిలి లేచిపోయేవాడు.

అటువంటివాడికి కోవిల్‌పట్టిలో ఒక ఫోటో స్టూడియో దొరికింది. దాని యజమానిని అందరూ అణ్ణాచ్చి అనేవాళ్ళు, మా వైపు మర్యాదగల మగవాళ్ళను అలా పిలుస్తాం. ఆయనది తమిళమే. ఆయన మాటలను నేనిక్కడ మన మాటలో చెప్తున్నాను. చిన్నాయన వారంలో సగం రోజులు పాసింజరు రైల్లో కోవిల్‌పట్టి వెళ్ళి ఆయన దగ్గర పని నేర్చుకునేవాడు. చేయి నిలకడగా ఉంటే చాలు, కాలితో పని లేని విద్య అది. వెళ్ళినరోజు సాయంత్రం ఇంటికి వస్తుంటే ఆయన నడక కూడా వేరేగా ఉండేది. ఆ ఏడు మా వీధి అమ్మవారి పొంగలికి మగ్గాలన్నీ ఆగుతాయి కదా, అందరినీ కూర్చోబెట్టి ఒక ఫోటో తీస్తానని చిన్నాయన అడిగితే, అణ్ణాచ్చి తన స్టాండు కెమెరాను చేతికిచ్చి పంపాడు. చెక్కపెట్టె, మూడు కాళ్ళ స్టాండు, హార్మోనియం తిత్తి లాగా మడతలు మడతలుగా సాగే తోలు తిత్తి, తల మీద కప్పుకునే పెద్ద నల్లగుడ్డ. ఉన్నది ఆయనకు ఆ ఒక్క కెమెరానే. నమ్మి ఇచ్చాడు. ఆ సంగతి చిన్నాయన వీధిలో కనబడ్డవాళ్ళందరికీ చెప్పాడు.

ఫోటో బాగా తీశాడు. కానీ పండగ ఆఖరి రోజు మా దగ్గర వరసైనవాళ్ళ మీద పసుపునీళ్ళు పోసుకుంటారు. ఎవరో మరదలు పిల్ల చెంబుడు నీళ్ళు చిన్నాయన మీద గుమ్మరించింది, ఆయన పక్కకు తప్పుకున్నాడు, నీళ్ళన్నీ నల్లగుడ్డ మీద పడ్డాయి. కెమెరాకు ఏమీ కాలేదని ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. పండగ రద్దీలో పెట్టె రైలెక్కించడం కష్టమని దాన్ని ఇంట్లోనే ఉంచి, తీసిన ఫిల్ములు మాత్రం పట్టుకుని, వాటిని కడిగించుకు రావడానికి కోవిల్‌పట్టి పోయాడు.

అవ్వ చేతికి ఆ గుడ్డ తగిలింది. ముఖం దగ్గర పెట్టుకుని చూసింది. పసుపు, చెమట, విబూది. అమ్మతో అంది, "ఇట్ల ఎత్తుకోని పోయి ఇచ్చేదా? మనము నేసేటోళ్ళము అని తెలిసిన మనిసి ఏమనుకుంటాడు?" అమ్మ వద్దనలేదు, ఎవరైనా ఎందుకు వద్దంటారు. అవ్వ ఆ గుడ్డను చవుడుమట్టి వేసి నానబెట్టి, బండమీద బాది ఉతికింది. నీళ్ళు నల్లగా పారాయి. మురికి అంత ఉందే అని ఇంకా బాదింది. ఆ తర్వాత చిక్కటి గంజి పెట్టింది. ఆరాక గుడ్డ అట్టలాగా నిలబడింది. ముచ్చటగా మడత పెట్టి, కెమెరా పెట్టెలో పైన పెట్టి మూసి, అటక మీదికి ఎక్కించింది. అటక మీద నూలు చిలపలతో పాటు ఎలుకలు కూడా ఉంటాయి. మా ఇంట్లో ఎలుకలు నూలు జోలికి వచ్చేవి కావు, వచ్చేవి గంజి కోసం.

చిన్నాయన ఫోటో పట్టుకుని వచ్చిన రోజు మా వాకిట్లో నిలబడడానికి చోటు లేదు. ప్రతివాళ్ళూ తమ ముఖం వెతుక్కున్నారు. పక్కింటి అత్త తన కళ్ళు మూతలు పడ్డాయని, ఇంకొకటి తీయాలని గొడవ చేసింది. ఆ సందడిలోనే, రేపు తిరిగి ఇచ్చేయాలి అనుకుంటూ ఆయన పెట్టె దింపి మూత తీశాడు. గుడ్డ బయటికి తీశాడు. మడత విప్పితే, పిల్లలు కాగితం మడిచి కత్తిరించినట్టు వరసగా కంతలు. గుడ్డ కింద కెమెరా తిత్తిని కూడా ఎలుకలు వదలలేదు. మూత సందులోంచి దూరి, మడతల అంచుల్లో తోలు కొరికేశాయి.

జనం మెల్లగా జారుకున్నారు. అప్పుడు చిన్నాయన అవ్వతో అన్నమాట నాకు బాగా గుర్తు. ఆయన కోపంగా అనలేదు, బతిమాలుతున్నట్టు అన్నాడు. "అమ్మా, మూసి ఇచ్చేస్తాము. ఎలిక వాళ్ళ స్టూడియోలోనే దూరిందని చెప్తాను. ఆయన నమ్ముతాడు."

"గంజి కూడా వాళ్ళ స్టూడియోదేనారా?" అంది అవ్వ.

ఆయన తల దించుకున్నాడు. ఆయన భయం ఏమిటో ఇంట్లో అందరికీ తెలుసు. ఆ స్టూడియో పోతే మళ్ళీ రాట్నమే. ఆడవాళ్ళ మధ్య, పిల్లల మధ్య, జీవితమంతా. అవ్వకు అది మాకంటే బాగా తెలుసు. అందుకే ఆమె ఆయనను ఒక్క మాట కూడా అనలేదు. నన్ను పిలిచి, "పాపా, తల దువ్వుకో. కోవిల్‌పట్టి పోతుండాము" అంది.

రైల్లో అవ్వ పెట్టెను ఒళ్ళో పెట్టుకుంది. మూత వెయ్యనివ్వలేదు. చిన్నాయన తాడు కట్టబోతే చెయ్యి తోసేసింది. చిరిగిన గుడ్డ పైకి కనబడేటట్టే పెట్టుకుని, సాత్తూరు దాటి, కిటికీ బయట నల్లమన్ను పొలాలు దాటి, కోవిల్‌పట్టి దాకా అట్లే కూర్చుంది. ఎదురు బల్ల మీద ఎవరో ఏమిటమ్మా అది అని అడిగితే, "మేము పాడు చేసిన సామాను" అని చెప్పింది. చిన్నాయన ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

స్టూడియో గడప దగ్గరే అవ్వ ఆగింది. లోపలికి పిలిస్తే రాలేదు. అణ్ణాచ్చి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, మందు నీళ్ళలో చేతులు పెట్టి పెట్టి గోళ్ళు గోధుమరంగుకు తిరిగాయి. అవ్వ తమిళంలో, కాలు లోపల పెట్టకముందే చెప్పేసింది. "తంబీ, నీ కెమెరాను నేను చెడగొట్టినాను. మావాడు ఊర్లో లేడు. నేనే ఉతికినాను, నేనే గంజి పెట్టినాను, ఎలిక తినింది. ఏమి అనేది ఉంటే నన్ను అను."

ఆయన గుడ్డ తీసుకుని చూశాడు. "గంజి పెట్టారా?"

"చిక్కగానే పెట్టినాను."

"ఇస్త్రీ చేయలేదా?"

"బొగ్గులు అయిపోయినాయి," అంది అవ్వ.

ఎవరూ నవ్వలేదు. కానీ ఆయన మీసం ఒక పక్క కదిలినట్టు నాకు అనిపించింది. అది ఎంతోసేపు లేదు. కెమెరా తిత్తిని సాగదీసి కిటికీ వైపు పట్టుకోగానే ఆయన ముఖం మారిపోయింది. తోలు కంతల్లో నుంచి వెలుతురు నక్షత్రాల్లాగా కనబడింది. వచ్చే ముహూర్తానికి సాత్తూరులో పెండ్లి ఉంది, మాట ఇచ్చేశాను, ఇప్పుడు ఏం పెట్టి తీసేది అన్నాడు. చిన్నాయన వైపు చూడనే లేదు. అదే చిన్నాయనను ఎక్కువ బాధపెట్టింది. తిడితే బాగుండేది.

కాసేపటికి ఆయనే అన్నాడు. తిత్తికి పల్చటి తోలు ముక్కలు కోసి, సైకిల్ షాపు సొల్యూషన్‌తో తానే అతికించుకుంటాడు. గుడ్డకు మాత్రం మదురైకి మనిషిని పంపాలి, ఇక్కడ బజారులో దొరికే నల్లగుడ్డ పనికి రాదు, అది వచ్చేలోగా ముహూర్తం దాటిపోతుంది. అవ్వ వెంటనే, "మదురై ఎందుకు, నేను నేసి ఇస్తాను" అంది.

"ఇది చీర కాదమ్మా. చూడడానికి నల్లగా ఉంటే చాలదు. లోపల చీకటి ఉండాలి."

"ఆ చీకటి ఏమిటో చూపించు."

ఆయన కెమెరా వైపు చెయ్యి చూపించాడు, అవ్వ కదలలేదు. మొదటిసారి అప్పుడు చెప్పింది, అదీ పరాయి మనిషితో. "నాకు చూపించి లాబము లేదు తంబీ. నాకు కంట్లో పొర వచ్చేసింది. ఈ పిల్లకు చూపించు. అది చూస్తే నేను చూసినట్టే."

నన్ను ముక్కాలిపీట ఎక్కించి, ఎలుకలు కొట్టిన గుడ్డను నా తల మీద కప్పాడు. వెనక ఒక మసక అద్దం ఉంది. అందులో ఏదో తెల్లగా, పాలు కలిపినట్టుగా కదులుతోంది, ఏమిటో తెలియలేదు. అప్పుడు ఆయన దాని మీద తన కంబళి కూడా వేశాడు. తిత్తి కంతలను రెండు చేతులతో మూశాడు కాబోలు. ఒక్కసారిగా ఆ అద్దంలో కోవిల్‌పట్టి వీధి వచ్చింది. తలకిందులుగా. బస్సు చక్రాలు పైకి పెట్టి పోతోంది. ఒక మనిషి ఆకాశం కిందుగా, కాళ్ళు పైకి, నింపాదిగా నడుస్తున్నాడు. టీ కొట్టు బాయిలరు పొగ కిందికి దిగుతోంది. అంత అందమైనది నేను అప్పటిదాకా చూడలేదు. ఆయన కంబళి తీసేశాడు, వీధి పాలలో కరిగిపోయింది. చూశావా పాపా, చిన్న కంత ఉన్నా అంతే అన్నాడు. నాకు అర్థమైంది. చీకటి బాగుంటేనే బొమ్మ వస్తుంది.

మరి కంబళితోనే తీయరాదా అని అవ్వ అడిగితే, ఈ ఎండల్లో పెండ్లి పందిట్లో కంబళి కప్పుకుంటే జనం పెండ్లికొడుకును వదిలేసి నన్నే చూస్తారు అన్నాడు. తర్వాత చిన్నాయన వైపు తిరిగాడు. పెండ్లికి బయల్దేరేలోగా గుడ్డ వస్తే నాతో సాత్తూరు రా, లేకపోతే ఇంక ఈ వైపు రానక్కర లేదు అన్నాడు. మెల్లగానే అన్నాడు. మెల్లగా అన్న మాటలే నిలబడతాయి.

ఆ రోజు నుంచి ఇంట్లో ఇంకో మాట లేదు. అవ్వ మగ్గం మీద చీర అప్పుడే దిగింది. పాత పడుగు కొసలకు నల్లనూలు పోగులు ఒక్కొక్కటే మెలివేసి అతకాలి. అమ్మ, పక్కింటి అత్త కూర్చుని అతికారు. చిన్నాయన రాట్నం దగ్గర కూర్చున్నాడు, ఈసారి వీధిలో ఎవరు వచ్చినా లేవలేదు. అవ్వ కాళ్ళు గుంటలోకి దించి నేయడం మొదలుపెట్టింది. చీర నేసేటప్పుడు ఆమె చేతిలో ఒక లయ ఉండేది, పాట లాగా. ఇప్పుడు అట్ల కాదు. ఒక్క పేక పోసి రెండుసార్లు, మూడుసార్లు బిగించి కొట్టేది. ఇల్లు అదిరేది. అటక మీద ఎలుకలు కూడా ఆ దెబ్బకు పారిపోయి ఉంటాయి.

ఒక చిక్కు ఉంది. పడుగుకు గంజి లేకపోతే పోగులు తెగుతాయి, నేయడమే కుదరదు. గంజి ఉంచితే మళ్ళీ ఎలుకలు వస్తాయి. అందుకని గంజితోనే నేసి, మగ్గం మీద నుంచి కోసి తీశాక, రంగు పోకుండా ఉప్పు వేసిన చన్నీళ్ళలో నానబెట్టి, బండకు తగలనీయకుండా చేత్తో పిసికి పిసికి గంజి తీసింది. గంజి అంతా పోయిందో లేదో ఎట్లా తెలుస్తుంది. కళ్ళున్న అమ్మే చూసి చెప్పలేకపోయింది. అవ్వ ఆ గుడ్డ కొసను తీసుకుపోయి గడప పక్కన చీమల బారుకు అడ్డంగా పరిచింది. చీమలు ఆగాయి, కొస ఎక్కాయి, అక్కడే తిరిగాయి. అవ్వ గుడ్డ ఎత్తి దులిపి మళ్ళీ నీళ్ళలో వేసింది. మళ్ళీ పరిచింది. ఆఖరికి చీమలు గుడ్డ మీద ఎక్కి, ఆగకుండా అవతలికి దిగి వాటి దారిన అవి పోయాయి. "చీమలకు మొగమాటము ఉండదు పాపా," అంది అవ్వ, తృప్తిగా. నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వులాటకు అనలేదు.

గుడ్డ ఆరింది. రెండు పొరలుగా వేసి చుట్టూ కుట్టింది అమ్మ. నల్లగా, బరువుగా, నీళ్ళు తాగిన రేగడి మన్ను లాగా ఉంది. చేత్తో తడిమిన ప్రతివాళ్ళూ మెచ్చుకున్నారు. ఆ మధ్యాహ్నం రైలుకే పోవాలి, మర్నాడు పెండ్లివారి ఇంటికి ప్రయాణం. చిన్నాయన తలంటుకుని, తెల్లచొక్కా వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. అప్పుడు అవ్వ నన్ను వీధి మధ్యకు తీసుకుపోయి, నడినెత్తిన సూర్యుడు ఉండగా, ఆ గుడ్డను నా మీద కప్పింది.

"లోపల చుక్క ఏమన్నా కనపడుతుందా చూడు."

విరుదునగర్ ఎండ ఎటువంటిదో ఎరిగినవాళ్ళకు చెప్పక్కర లేదు. ఆ రెండు పొరల కింద నా ఊపిరి నాకే వేడిగా తగిలింది. మొదట ఏమీ కనబడలేదు. బయట పక్కింటి అత్త గొంతు వినబడింది, "ఏమి అత్తా, మనవరాలిని గంప కింద కోడిపిల్ల మాదిరి మూసి పెట్టినావు, గద్ద ఏమన్నా వస్తుండాదా?" అందరూ నవ్వారు. నేనూ లోపల నవ్వుకుంటూ మెడ తిప్పాను. అప్పుడు కనబడింది. నా ఎడమ చెవి పైన, ఆవగింజ కంటే చిన్నది, సూది మొనంత వెలుతురు.

గుడ్డ అంచు ఎత్తి ఊపిరి తీసుకోవడానికి తల బయట పెడితే ఎదురుగా చిన్నాయన నిలబడి ఉన్నాడు. నా ముఖం చూడగానే ఆయనకు అర్థమైపోయింది. అవ్వ వెనక నుంచి, ఆమెకు కనబడదని తెలిసి, తల అడ్డంగా ఊపాడు. లేదని చెప్పు, అని. ఆయన కళ్ళలో నీళ్ళు ఉన్నాయి. నాకు ఆయనంటే ప్రాణం. ఆయన చేతిలో అప్పటికే రైలుకు పోయే సంచి ఉంది.

నాకు ఆ తలకిందుల వీధి గుర్తొచ్చింది. కాళ్ళు పైకి పెట్టి నడిచే మనిషి పాలలో కరిగిపోవడం గుర్తొచ్చింది. "ఉండాది అవ్వా. ఒక చుక్క," అన్నాను.

పక్కింటి అత్త గుడ్డను సూర్యుడికి ఎదురుగా ఎత్తి పట్టి, నాకేమీ కనబడలేదే, పిల్లకు ఎండకు కళ్ళు తిరిగి ఉంటాయి అంది. నాయన కూడా బయట నుంచి చూసి ఏమీ లేదన్నాడు. చిన్నాయన సంచి భుజానికి తగిలించుకుంటూ, "అమ్మా, రైలుకు టైమైతుండాది. అంత చిన్న చుక్క ఎవరికి కనపడుతుంది?" అన్నాడు.

అవ్వ వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. "యాడ పాపా? వేలు పెట్టి చూపించు," అంది.

నేను మళ్ళీ లోపలికి పోయి ఆ చుక్క మీద వేలు పెట్టాను. బయట నుంచి అవ్వ గుడ్డతో సహా నా వేలి కొసను పట్టుకుంది. ఆమె వేళ్ళు గరుకుగా ఉండేవి, నూలు తగిలి తగిలి గీతలు పడ్డవి. ఆ పట్టు వదలకుండా ఇంకో చేత్తో తడిమింది. కాసేపు తడిమాక ఆమె ముఖం తేటపడిందట, నేను లోపల నుంచి చూడలేదు, తర్వాత అమ్మ చెప్పింది. "ఆ, ఉండాది," అంది అవ్వ. "ఈడ పోగు తెగినట్టుంది. నా చెయ్యి చూసుకోలేదు." యాభై ఏళ్ళు నేసిన చెయ్యి పట్టుకోలేని లోపాన్ని నా కన్ను పట్టుకుంది, అయినా ఆమె గొంతులో చిన్నతనం లేదు. పోయిన వస్తువు దొరికితే మనిషి గొంతు ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

సూదిలో నల్లదారం నేను ఎక్కించాను. నా వేలు లోపల, ఆమె సూది బయట. పోగు పోగు మధ్య నుంచి దారం పోనిచ్చి, చెడినచోట మళ్ళీ నేసినట్టే రఫూ చేసింది. నా వేలికి సూది తగలనీయలేదు. అయిపోయాక ఇంకోసారి చూడమంది. దాని పక్కనే ఇంకొకటి ఉంది, అది ఇంకా చిన్నది. అదీ చెప్పాను. చిన్నాయన వీధి చివరదాకా నడిచి వెనక్కి వచ్చాడు. అవ్వ ఇంకోసారి దారం ఎక్కించమంది. నన్ను ఎండలో ఉంచింది, విసుక్కోలేదు, తొందర పెట్టలేదు, నిజమేనా అని ఒక్కసారి కూడా అడగలేదు. ఆఖరికి నేను లోపల అటూ ఇటూ తిరిగి, మెడ పైకెత్తి, కిందికి వంచి, ఎక్కడా ఏమీ కనబడక, "లేదవ్వా, అంతా చీకటే," అన్నప్పుడు ఆమె వెంటనే దారం కొరికేసింది. తాను ఇంకోసారి తడిమి చూసుకోలేదు. నా మాట చాలనుకుంది.

ఆ రైలు పోయింది. తర్వాతి బండికి పోయాం. అణ్ణాచ్చి తలుపులు మూయబోతున్నాడు. గుడ్డ చూసి కెమెరాను వాకిట్లోకి తెచ్చి, వాలుతున్న ఎండకు ఎదురుగా పెట్టి, గుడ్డ కప్పుకుని లోపలికి పోయాడు. చాలాసేపు బయటికి రాలేదు. చిన్నాయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను అవ్వ కొంగు పట్టుకున్నాను.

గుడ్డ లోపల నుంచి మాట వినబడింది. "తంబీ, స్టాండు ఎడమ కాలు కాస్త జరుపు."

చిన్నాయనకు ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత గబగబా వంగి స్టాండు జరిపాడు. అంతే. మన్నించానని ఆయన అనలేదు, మన్నించమని చిన్నాయన అడగలేదు. మర్నాడు ఇద్దరూ కలిసి సాత్తూరు పెండ్లికి పోయారు. ఆ తర్వాత చిన్నాయన ఆ విద్యతోనే బతికాడు, పెండ్లి చేసుకున్నాడు, పిల్లలను చదివించాడు.

వచ్చేముందు అణ్ణాచ్చి గుడ్డను తడుముతూ, రఫూ చేసినచోట వేలు ఆపి ఇదేమిటని అడిగాడు. అది మా మనవరాలు చూసిన చుక్క అంది అవ్వ. ఆయన నా వైపు చూసి, స్టూడియో లోపలికి పోయి వేరుశనగ మిఠాయి పొట్లం ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. అవ్వకు నమస్కారం చేశాడు.

తిరుగు రైల్లో నేను అవ్వను అడిగాను, అందరూ లేదంటే నువ్వు నా మాట ఎట్లా నమ్మినావు అని. ఆమెకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. "లోపల ఉన్నది నువ్వు కదా," అంది. "బయట నిలబడినోళ్ళను అడిగితే ఏమి తెలుస్తుంది?"

బడికి పోనిదాన్ని, నాకు దొరికిన చదువు ఆ ఒక్క మాటే. నన్ను ఇచ్చిన ఇంట్లోనూ మగ్గమే. చేతి మగ్గాలు పోయాయి, పవర్లూములు వచ్చాయి. మా ఆయన పోయాక నేనూ షెడ్డులో పనికి పోయాను. కొడుకులు ఉన్నారు, నీకేం తక్కువ అని పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ అన్నారు. వాళ్ళ మీద నాకు కోపం రాలేదు. బయటికి గుడ్డ నల్లగానే కనబడుతుంది. ఎండ ఎక్కడ దిగుతోందో లోపల ఉన్నదానికే తెలుసు. అప్పుడు మా అవ్వ ఉంటే బాగుండుననుకున్నాను. ఆమె ఉంటే ఓదార్చేది కాదు, పక్కన కూర్చుని ఎక్కడని అడిగేది.

ఆమె లేదు కాబట్టి ఆ పని నేను చేస్తున్నాను. షెడ్డులో నా పక్క మగ్గం మీద ఒక చిన్న పిల్ల ఉండేది. ఒకనాడు చెవిలో ఏదో కూస్తోంది పెద్దమ్మా అంది. ఈ హోరులో ఎవరి చెవి కూయదు అని అందరూ నవ్వారు, మేస్త్రి కూడా నవ్వాడు. పిల్ల కూడా నవ్వేసి పనిలోకి పోబోయింది. నేను నా మగ్గం ఆపాను. దాన్ని బయట వేపచెట్టు కిందికి తీసుకుపోయి కూర్చోబెట్టాను.

"యాడ పాపా? వేలు పెట్టి చూపించు," అన్నాను.